గురుశిష్యుల కరాటే షార్ట్ ఫిల్మ్ ఫోన్‌తో తీయడం ఎలా?

ఐదు నిమిషాల గురుశిష్యుల సినిమాకు పది ఫైట్లు అక్కర్లేదు, ఒక్క పని చాలు. గురువు చెప్పిన ఆ పని మొదట్లో శిష్యుడికి వెట్టిచాకిరీలా అనిపించాలి, చివర్లో అదే అతన్ని కాపాడాలి. 1984 నాటి ‘ది కరాటే కిడ్’లో కార్లకు పాలిష్ పెట్టిన చెయ్యే తర్వాత దెబ్బ కాస్తుంది. మన తీరంలో అలాంటి పని ఎదురుగానే ఉంది: విసురు వల.

1. ముందు వలను అర్థం చేసుకోండి

వల విసిరేవాడు నడుం ఒక పక్కకు తిప్పి, ఒక్కసారిగా ఎదురు తిప్పుతాడు. కరాటేలో గ్యాకు జుకి, అంటే వెనక ఉన్న చేత్తో కొట్టే గుద్దు కూడా అంతే. వెనక కాలు నేలను తన్నుతుంది, నడుం తిరుగుతుంది, భుజం కదులుతుంది, ఆ తర్వాతే పిడికిలి. నడుం కదలకుండా చేతులతోనే విసిరితే వల విచ్చుకోదు, ముద్దగా పడుతుంది. మీ శిష్యుడి తప్పు అదే. వల మూడుసార్లు పడాలి: ముద్దగా, సగం విచ్చుకుని, నిండు గుండ్రంగా.

“తాతా, గుద్దడం ఎప్పుడు నేర్పిస్తావు?”

“ముందు వల గుండ్రంగా పడనీరా అబ్బయ్యా.”

మాటలు ఇంతకు మించితే కథ పలచబడుతుంది. పెద్దల వల తడిస్తే పిల్లలు ఎత్తలేరు, చిన్నది అడిగి తెచ్చుకోండి.

2. చోటు, వెలుగు

మైపాడు బీచ్ అయినా కొత్తపట్నం బీచ్ అయినా సూర్యుడు వచ్చేది సముద్రం మీంచే. మే నెలలో ఆరుకు ముందే ఉదయిస్తాడు కాబట్టి ఐదింటికల్లా అక్కడ ఉండాలి. ఏడు దాటితే వెలుగు కరుకెక్కి ముఖాల మీద నీడలు పడతాయి. అలలు లాగేస్తాయి కాబట్టి పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. వల సీన్లు ఉప్పుటేరు ఒడ్డు మీద నిలబెట్టి తీయండి. ఉప్పుగాలికి లెన్సు మసకబారుతుంది, ప్రతి షాటుకూ మెత్తటి గుడ్డతో తుడవండి.

3. ఫోన్ సెట్టింగులు

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టుకోండి. తెల్లటి కరాటే డ్రెస్సు ఎండలో సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించండి. డ్రెస్సులో ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కడితే కరాటే తెలిసినవాళ్లు మొదటి షాటులోనే పట్టేస్తారు.

4. దెబ్బ తగలకుండా తగిలినట్టు

ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే. పక్కనుంచి తీస్తే పిడికిలికీ ముఖానికీ మధ్య సందు కనిపించిపోతుంది. కెమెరాను దెబ్బ తినేవాడి భుజం వెనక పెట్టండి. గుద్దు అతని ముఖానికి జానెడు దూరంలో అడ్డంగా పోవాలి. ఆ వైపు నుంచి చూస్తే సందు కళ్లకు ఆనదు. పిడికిలి ముఖం ముందు నుంచి దాటే క్షణంలోనే తల తిరగాలి. ఆలస్యమైతే నవ్వొస్తుంది, ముందే తిరిగితే అబద్ధం తెలిసిపోతుంది. మెల్లగా పదిసార్లు, సగం వేగంతో పదిసార్లు సాధన చేశాకే పూర్తి వేగం. ఇసుక మీదే చేయించండి, సిమెంటు మిద్దె మీద వద్దు. మాస్టరు పక్కన లేకుండా కర్రలు, నాన్‌చాక్‌లు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

5. చప్పుడు, ఎడిటింగు

బీచ్‌లో ఫోన్ మైకుకు గాలి హోరు తప్ప ఏదీ వినపడదు. మాటలు మూసిన గదిలో మళ్లీ చెప్పించండి. దెబ్బకు బియ్యం బస్తాను పిడికిలితో గుద్దిన చప్పుడు, చెయ్యి విసరడానికి తడి తువ్వాలు విదిలించిన చప్పుడు సరిపోతాయి.

చివరి గుద్దును మూడో వల తీసిన కోణంలోనే, అంతే దూరం నుంచి తీయండి. నడుం తిరగడం మొదలయ్యేది వల షాటులో, పూర్తయ్యేది గుద్దు షాటులో. కట్ సరిగ్గా ఆ తిరుగుడు మధ్యలో పడాలి. పాత మాటలు, పాత సీన్లు మళ్లీ చూపించి గుర్తుచేయొద్దు.