వాగులో కలిసే వ్యర్థజలాలు అనుమతి షరతులకు లోబడి ఉన్నాయో లేదో తెలుసుకోవడం ఎలా?

వాగు నీళ్లు రంగు మారినా, నురగ కట్టినా, వాసన వేసినా ఒడ్డున ఉండేవారికి వెంటనే తెలిసిపోతుంది. కానీ వాసన వస్తోందన్న ఫిర్యాదును పక్కన పెట్టడం సులువు. ఫలానా చోట, ఫలానా తేదీన, ఫలానా గంటకు ఇంతకు మించకూడని పదార్థం ఇంత ఉందని కాగితం మీద చూపితే అలా పక్కన పెట్టడం కష్టం. ఆ కాగితం తయారు చేయడానికి రసాయన శాస్త్రంలో పట్టా అక్కర్లేదు. ఓపిక ఉండి, ఇద్దరు ముగ్గురు తోడు వస్తే చాలు.

ముందు అనుమతి పత్రం చదవండి

చాలామంది సీసా పట్టుకుని నేరుగా ఏటికి బయలుదేరతారు. ఏ పదార్థానికి ఎంత పరిమితి ఉందో తెలియకుండా తెచ్చిన నమూనాతో ఏమీ తేల్చలేం. అందుకే వ్యర్థజలాలు వదిలే కర్మాగారానికో, మురుగు శుద్ధి కేంద్రానికో ఇచ్చిన అనుమతి పత్రం ప్రతిని ముందు సంపాదించండి. ఏ గొట్టం నుంచి, రోజుకు ఎంత నీరు వదలవచ్చు, ఏయే పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయాలి, పత్రం గడువు ఎప్పటివరకు ఉంది అన్నవి గుర్తు పెట్టుకోండి.

పరిమితి పక్కన ఉన్న మాటలు మరీ ముఖ్యం. ఒక పదార్థానికి నెలసరి సగటు లీటరుకు 30 మిల్లీగ్రాములు, ఒక్క రోజు గరిష్ఠం 45 అని రాసి ఉందనుకోండి. మీకు ఒక రోజు 38 వస్తే అది ఉల్లంఘన కాదు. ఆ నెల నమూనాలన్నీ కలిపి సగటు 38 వస్తే ఉల్లంఘనే. ఈ తేడా గమనించకుండా ఆరోపణ చేస్తే, తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో కిటుకు ఉంది. లీటరుకు 30 మిల్లీగ్రాముల మలినం ఉన్న నీటిని రోజుకు 2,000 ఘనపు మీటర్లు వదిలితే, వాగులో చేరేది 60 కిలోలు. అంతే పరిమాణంలో మంచినీళ్లు కలిపి వదిలితే గాఢత 15కు పడిపోతుంది. కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, వాగులో మాత్రం అవే 60 కిలోలు చేరతాయి. కాబట్టి నివేదికల్లో గాఢత అంకె ఒక్కటే చూడకండి. పక్కనున్న ప్రవాహం అంకెతో గుణించి చూడండి.

మూడు చోట్ల నమూనాలు

గొట్టానికి ఎగువన ఒకటి, గొట్టం దగ్గర ఒకటి, దిగువన ఒకటి తీసుకోవాలి. ఎగువ నమూనా లేకపోతే "ఆ మలినం పైనుంచే వచ్చింది" అన్న మాటకు మీ దగ్గర జవాబు ఉండదు.

దిగువన ఎంత దూరంలో తీయాలన్నది ప్రవాహాన్ని బట్టి ఉంటుంది. వదిలిన నీరు వెంటనే కలిసిపోదు. చాలా దూరం ఒక ఒడ్డునే పట్టుకుని పారుతుంది. విద్యుత్ వాహకత కొలిచే చిన్న మీటరుతో రెండు ఒడ్డుల దగ్గర, మధ్యలో కొలిచి చూడండి. మూడు అంకెలూ దాదాపు ఒకటే వచ్చిన చోట నీరు పూర్తిగా కలిసినట్టు. అయితే పరిమితిని ఎక్కడ కొలవాలో అనుమతి పత్రంలోనే చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

గొట్టం ప్రహరీ లోపల ఉంటే గోడ దూకకండి. ఒంటరిగా, వరద సమయంలో నీళ్లలోకి దిగకండి. చేతులకు తొడుగులు తప్పనిసరి.

ఏ వేళకు వెళ్లాలి?

ఈ ప్రశ్నను ఎక్కువమంది పట్టించుకోరు, నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. నాచు పగలు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రంతా పీల్చుకుంటుంది. అందువల్ల నాచు పట్టిన వాగులో మధ్యాహ్నం కరిగిన ఆక్సిజన్ పుష్కలంగా కనిపిస్తుంది, తెల్లవారుజామున అట్టడుక్కి పడిపోతుంది. చేపలు ఉక్కిరిబిక్కిరయ్యేది ఆ వేళలోనే. ఎప్పుడూ మధ్యాహ్నమే కొలిచేవారికి ఆ వాగు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. వాగు సన్నబడిన రోజుల్లోనూ, పొడివాతావరణం తర్వాత పడిన తొలి వానకూ తప్పకుండా నమూనాలు తీయండి.

అక్కడికక్కడే కొలవాల్సినవి

ఉష్ణోగ్రత, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె), కరిగిన ఆక్సిజన్, వాహకత. సీసాలో పట్టుకెళ్లేలోపు ఇవి మారిపోవచ్చు. పీహెచ్ మీటరును అదే రోజు 4, 7, 10 ప్రమాణ ద్రావణాలతో సరిచూసి, ఆ సంగతి పుస్తకంలో రాయండి. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా.

ఆక్సిజన్‌ను ఉష్ణోగ్రతతో కలిపి చదవాలి. సముద్రమట్టం దగ్గర, 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. 5 కంటే తగ్గితే చాలా చేపలకు ఇబ్బంది మొదలవుతుంది. మీటరు మీద అనుమానం వస్తే 1888లో వింక్లర్ రూపొందించిన రసాయన పద్ధతితో సరిచూడవచ్చు. అది నేటికీ వాడుకలో ఉంది.

ప్రయోగశాలకు పంపే సీసాలు

ప్రవాహానికి ఎదురుగా నిలబడి, పైన తేలే తెట్టు, అడుగు బురద రాకుండా మధ్య లోతులో నింపండి. సీసాలు ప్రయోగశాల నుంచే తెచ్చుకోండి, ఎందుకంటే పరీక్షను బట్టి సీసా మారుతుంది. భారలోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం ముందే వేసి ఉండవచ్చు, దాన్ని కడగకూడదు. నూనె, గ్రీజు పరీక్షకు గాజుసీసా వాడాలి. నూనె గోడలకు అంటుకుంటుంది కాబట్టి వేరే పాత్రలో పట్టి అందులోకి వంచకూడదు. బ్యాక్టీరియాకు క్రిమిరహిత సీసా కావాలి. ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చాలి. బీఓడీ (మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) నమూనాను చల్లగా ఉంచి 48 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టించాలి. పద్ధతిని బట్టి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది.

ఒకే చోట రెండో సీసా కూడా నింపి, వేరే పేరుతో పంపండి. శుద్ధజలం నింపిన సీసా ఒకటి జత చేయండి. రెండు జంట సీసాల అంకెలు దగ్గరగా రాకపోయినా, శుద్ధజలంలో మలినం కనిపించినా, ఎక్కడో పొరపాటు జరిగినట్టే. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎన్ని గంటలకు వెళ్లిందో సంతకాలతో రాసి ఉంచండి.

అంకెలు సరిచూసేటప్పుడు

కొలత యూనిట్లు ఒకటేనా చూడండి. మిల్లీగ్రాముకు, మైక్రోగ్రాముకు వెయ్యి రెట్ల తేడా. నైట్రేట్ విషయంలో మరీ జాగ్రత్త. నైట్రోజన్‌గా లెక్కిస్తే 10 వచ్చేది, నైట్రేట్‌గా లెక్కిస్తే సుమారు 44 అవుతుంది. "కనిపించలేదు" అని ఉంటే, ఆ పద్ధతి ఎంత తక్కువ వరకు గుర్తించగలదో అడగండి. ఆ హద్దు అనుమతి పరిమితికంటే ఎక్కువగా ఉంటే ఆ ఫలితం మీకు ఏమీ చెప్పనట్టే.

పరిమితి దాటినట్టు తేలితే మరోసారి నమూనా తీయండి. సంస్థ స్వయంగా సమర్పించిన నివేదికల్లో అదే కాలానికి ఏ అంకెలున్నాయో నియంత్రణ సంస్థ నుంచి తెప్పించి పక్కపక్కన పెట్టండి. పటం, ఫొటోలు, సంతకాల పత్రం, అనుమతిలోని షరతు సంఖ్య జతచేసి ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి.

చేపలు చచ్చి తేలినప్పుడు మాత్రం ఈ వరుస కోసం ఆగవద్దు. వెంటనే అధికారులకు ఫోను చేసి, నీళ్లు పట్టి ఐసులో పెట్టండి. విషం కలిసిన నీరు కొన్ని గంటల్లోనే దాటిపోవచ్చు. అందుకే రెండు శుభ్రమైన సీసాలు, ఒక ఐసుపెట్టె, పేరు రాసే చీటీలు ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.