హెచ్‌పీవీ రాకుండా: అమ్మాయికి టీకా, అమ్మకు పరీక్ష

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) ముఖ్యంగా కలయిక వల్ల అంటుకునే వైరస్. దీని మాట ఎత్తగానే "మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు" అంటారు. నడవడికతో దీనికి పని లేదండీ. జీవితమంతా ఒక్కరితోనే ఉన్నవాళ్లకూ వస్తుంది, ఆ ఒక్కరిలో ఎప్పటిదో వైరస్ ఉంటే చాలు. చాలామందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. పోకుండా తిష్ట వేసిన వైరసే, ముఖ్యంగా 16, 18 రకాలు, పదిహేను ఇరవై ఏళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారి తీస్తుంది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లు దీని బారిన పడుతున్నారు.

ముందు టీకా సంగతి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేయిస్తే మంచిది. "ఇంకా చిన్నపిల్ల కదా" అంటారు గానీ, వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పూర్తి ఫలితం, వచ్చాక దాన్ని టీకా పోగొట్టలేదు. ఈ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పదిహేను దాటితే మామూలుగా మూడు. 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, కాబట్టి డబ్బు సర్దుబాటు కాక వాయిదా వేసేకంటే ఒక్కటైనా వేయించేయండి. గార్డసిల్ ఉంది, మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ ఉంది, అది అబ్బాయిలకూ వేయొచ్చు. ఉచితంగా వేస్తున్నారేమో ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో ముందు అడగండి. ఆ రోజు పిల్లకు కడుపునిండా తినిపించి తీసుకెళ్లండి, సూది పడ్డాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి, కొందరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం కాన్పయ్యేదాకా ఆగాలి.

ఖమ్మం పేరు చెప్పి భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2009లో అక్కడ బాలికలకు ఈ టీకా వేశారు, కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. కానీ తల్లిదండ్రులకు చెప్పకుండా చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు, అది ఘోరమైన తప్పు, జనానికి వచ్చిన కోపం న్యాయమైనదే. అందుకే బళ్లో ఫారం ఇస్తే చదవండి, అనుమానాలన్నీ అడగండి, సంతకం మీరే పెట్టండి.

ఇక అమ్మ సంగతి, ఇంట్లో అందరూ మర్చిపోయేది ఇదే. ముప్పై దాటాక, ఏ బాధా లేకపోయినా, టీకా వేయించుకున్నా సరే, ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష, లేదా మూడేళ్లకోసారి పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కాసిని కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో వీఐఏ అని ఇంకోటి చేస్తారు: దూదిని పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచి ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు, తేడా ఉన్నచోట తెల్లగా మచ్చ తేలుతుంది, అంతే. పాప్ స్మియర్‌కైతే నెలసరి లేని రోజు చూసుకోండి, ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టుకునే మందులు వద్దు. తెల్లబట్ట అవుతోందనో నడుము నొప్పనో వెళ్తే "క్యాన్సర్ అవుతుంది, గర్భసంచి తీయించేసుకో" అని ఎవరైనా అంటే, ఈ పరీక్ష చేయకుండా ఒప్పుకోకండి. గర్భసంచి తీయించుకోవడంలో దేశంలో మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు, చర్మం తగిలినా అంటుకునే వైరస్ కాబట్టి. పొగ తాగితే వైరస్ త్వరగా వదలదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ, ముప్పై దాకా ఆగకుండా ముందే పరీక్షలు మొదలుపెట్టాలి.

హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే టెన్షన్ పడకండి, అది క్యాన్సర్ అని కాదు. అవసరాన్ని బట్టి కాల్పోస్కోపీతో, అంటే పెద్దదిగా చూపించే పరికరంతో, ముఖద్వారాన్ని దగ్గరగా చూస్తారు, క్యాన్సర్ కాకముందు మార్పులు కనిపిస్తే చాలావరకు గర్భసంచి తీయకుండానే నయం చేస్తారు. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు, కాబట్టి భర్తతో గొడవ పెట్టుకునే బదులు ఆయన్నే తోడు తీసుకుని తర్వాతి పరీక్షకు వెళ్లండి.