చైనీస్ నేర్చుకోవడానికి బీజింగ్ బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చదువు 180 రోజులు మించితే ఎక్స్1 వీసా, అంతలోపైతే ఎక్స్2 వీసా అవసరం. ఎక్స్1 మీద వెళ్లినవారు చైనాలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి కనుక, విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రవేశ పత్రం అసలు ప్రతిని పెట్టెలో కాకుండా చేతిసంచిలోనే ఉంచుకోండి. అద్దె ఇంట్లో దిగేవారు 24 గంటల్లోగా స్థానిక పోలీసుల వద్ద నమోదు చేయించుకోవాలి.

వాట్సాప్, గూగుల్ అక్కడ మామూలుగా పనిచేయవు; సందేశాలకు వీచాట్, చెల్లింపులకు అలీపే యాప్‌లను ఇక్కడే సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది వాయిదా వేసేది, స్వరాల (అర్థాన్ని మార్చే గొంతు హెచ్చుతగ్గుల) సాధన. 'మై' అనే శబ్దాన్ని కిందికి దించి మళ్లీ కాస్త లేపి పలికితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా జార్చితే అమ్మడం అవుతుంది కాబట్టి, కూరగాయల దుకాణంలో తడబడకముందే ఇంట్లో గట్టిగా పలికి, రికార్డు చేసుకుని వినాలి. చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్‌యిన్ పద్ధతిలో 'బి' (b) అని రాసేది దాదాపు మన 'ప' అనీ, 'పి' (p) అని రాసేది ఊపిరి ఒత్తి పలికే 'ఫ' అనీ ముందే గుర్తుపెట్టుకుంటే, తెలుగువారికి ఆ తేడా త్వరగా పట్టుబడుతుంది.

అక్కడ తెలుగు వైద్య విద్యార్థులు తారసపడవచ్చు. వారి స్నేహం కొండంత ధైర్యమే అయినా, వసతికి దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం చైనీస్‌లో మాట్లాడక తప్పని విధంగా, తెలుగు, ఇంగ్లీషు రెండూ రాని సహవాసినే కోరుకోండి.