టూల్ పెట్టెల ర్యాక్: ప్లైవుడ్ కోయకముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

డ్రిల్, గ్రైండర్, హ్యామర్ పెట్టెల కోసం కట్టే ర్యాక్‌ను పుస్తకాల అలమరలా ఊహించుకుంటేనే చిక్కు మొదలవుతుంది. పుస్తకం ఒకసారి పెడితే నెలల తరబడి కదలదు. టూల్ పెట్టెను రోజుకు నాలుగుసార్లు ముందుకు లాగుతాం, పని అయ్యాక విసురుగా లోపలికి తోస్తాం. కాబట్టి ఈ ర్యాక్ బరువును మోయడమే కాదు, ఆ లాగుడునూ తోపుడునూ తట్టుకోవాలి. సొంతంగా కట్టుకున్న ర్యాకుల్లో ఎక్కువ భాగం దెబ్బతినేది ఇక్కడే.

ముందు పెట్టెలన్నీ నేల మీద పరిచి కొలవండి. హ్యాండిల్, గొళ్లెం బయటికి పొడుచుకొచ్చే భాగాన్నీ కొలతలో కలపాలి. పైన 30 మి.మీ., పక్కలకు 20 మి.మీ. ఖాళీ వదలకపోతే వేళ్లు నలుగుతాయి. తూకం కూడా వేయండి. చిన్న డ్రిల్ పెట్టె 3–5 కిలోలే ఉంటుంది కానీ, కాంక్రీటు పగలగొట్టే పెద్ద హ్యామర్ పెట్టె 15 కిలోలు దాటొచ్చు. ఇలాంటివి రెండుంటే వాటి చోటు అన్నిటికన్నా కింది అరే, అందులో చర్చ లేదు.

అర పొడవు విషయంలో చాలామంది పొరబడతారు. పొడవు రెట్టింపు చేసి మొత్తం బరువు అంతే ఉంచినా అర 8 రెట్లు ఎక్కువ కుంగుతుంది. పొడవు పెరిగిందని పెట్టెలూ రెట్టింపు పెడితే అది 16 రెట్లవుతుంది. మందం వల్ల లాభమూ అంతే గట్టిది: 12 మి.మీ. ప్లైవుడ్ కన్నా అదే రకం 18 మి.మీ.ది దాదాపు 3.4 రెట్లు బిర్రుగా ఉంటుంది. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) జోలికి పోవద్దు. బరువు మారకపోయినా అది నెలలు గడిచేకొద్దీ వంగుతూనే ఉంటుంది, చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, అంచులో దిగిన స్క్రూ ఊడి వస్తుంది.

చాలా వర్క్‌షాపులకు 1800 మి.మీ. ఎత్తు, 1200 వెడల్పు, 400 లోతు సరిపోతాయి. మధ్యలో ఒక నిలువు పలక వస్తుంది కాబట్టి ఒక్కో అర పొడవు 573 మి.మీ. అవుతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ షీట్లు (2440 × 1220) రెండు, వెనకకు 6 మి.మీ. షీటు ఒకటి కావాలి. మొదటి షీటును 400 మి.మీ. పట్టీలుగా మూడు కోస్తే, ఒక్కో దాంట్లో ఒక నిలువు పలక, ఒక అర వస్తాయి. మొత్తం పది అరల్లో (ఒక్కో వైపు ఐదు) మిగతా ఏడు రెండో షీటులో రెండు పట్టీల్లోనే అయిపోతాయి. రంపం తినే 3 మి.మీ. లెక్కలో వేసుకోండి, అది మరిచిపోతే చివరి ముక్క పొట్టిదవుతుంది. అడుగు అరను నేలకు 100 మి.మీ. ఎత్తున, పై అరను కొసన పెట్టి, మిగతావి సమంగా పంచితే ఒక్కో గూడు సుమారు 400 మి.మీ. ఎత్తు ఉంటుంది.

కోతలో అసలు ప్రమాదం షీటు బరువుతోనే మొదలవుతుంది. 18 మి.మీ. షీటు 30 కిలోలకు పైనే తూగుతుంది, ఒక్కరే ఎత్తకండి. కోతగీతకు అటు రెండు, ఇటు రెండు, గీత వెంబడే రీపర్ బద్దలు పరిచి వాటి మీద షీటును ఉంచాలి. ఆధారం రెండు కొసల్లోనే ఉంటే కోత పూర్తవుతుండగా షీటు మధ్యలో కుంగి బ్లేడును నొక్కేస్తుంది, రంపం ఒక్క ఉదుటున వెనక్కి తంతుంది. బ్లేడు ప్లైవుడ్ కింద 5 మి.మీ. కన్నా ఎక్కువ దిగకూడదు. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, దుమ్ముకు ఎన్95 మాస్కు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం షీటు మోసేటప్పుడే, తిరిగే బ్లేడు దగ్గర వద్దు. బ్లేడు మార్చే ముందు ప్లగ్గు పీకేయండి.

ఇక బిగింపు. బరువు స్క్రూ మీద వేలాడకూడదు, చెక్క మీద చెక్క కూర్చోవాలి. ప్రతి అర కింద రెండు వైపులా 40 × 20 మి.మీ. బద్ద, 360 మి.మీ. పొడవున, 40 వైపు నిలువుగా ఉండేలా బిగించండి. మొత్తం 20 ముక్కలు, అంటే 7.2 మీటర్లు. కోతలో పోయేదానితో కలిపి 8 మీటర్లు తీసుకోండి. బద్దకు మూడు స్క్రూలు, దాని మీద కూర్చునే అర కొసకు రెండు. 4 × 35 మి.మీ. స్క్రూలు వంద పడతాయి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలు పెళుసు, అడ్డంగా దెబ్బ తగిలితే తల తెగిపోతుంది. బద్దలో 4 మి.మీ. బెజ్జం, పలకలో 2.5 మి.మీ. బెజ్జం వేస్తే రెండూ బిగుతుగా అతుక్కుంటాయి, బద్ద చీలదు. నడి పలకలో రెండు వైపుల స్క్రూలు ఎదురెదురుగా వస్తే గుద్దుకుంటాయి, ఒక వైపువి 15 మి.మీ. పక్కకు జరపండి.

వెనక ప్లైవుడ్ అందానికి అనుకుని మానేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే ప్రతి తోపుడుకీ ర్యాక్ పక్కకు ఒరిగి, దీర్ఘచతురస్రం కాస్తా ఏటవాలుగా మారుతుంది. కొట్టే ముందు రెండు మూలకొలతలు (మూల నుంచి ఎదురు మూలకు) చూడండి, రెండూ 2163 మి.మీ. దగ్గర ఒకటిగా రావాలి. 5 మి.మీ. తేడా ఉన్నా సరిచేశాకే ప్రతి 150 మి.మీ.కి ఒక స్క్రూ బిగించండి.

లోతుకన్నా ఎత్తు నాలుగున్నర రెట్లున్న ర్యాక్ ఇది. పైనుంచి బరువైన పెట్టెను లాగితే ముందుకు తూలుతుంది. గోడకు కట్టకుండా ఒక్క పెట్టె కూడా పెట్టొద్దు. పైన రెండు ఎల్ క్లాంపులు 18 మి.మీ. చెక్కకే బిగించాలి, 6 మి.మీ. వెనక షీటుకు కాదు. చెమ్మ తగలకుండా గోడకు 20 మి.మీ. ఖాళీ వదిలితే, క్లాంపు దగ్గర అంతే మందం చెక్కముక్క పెట్టండి. లేకపోతే బిగించేకొద్దీ ర్యాక్ మెలిక పడుతుంది. గోడలో స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, అడ్డంగా అదే వరుసలోనూ బెజ్జం వేయకండి, వైర్లు సాధారణంగా ఆ దారుల్లోనే వెళ్తాయి. పైపై ప్లాస్టరు 12–20 మి.మీ. ఉంటుంది, దానికి పట్టు లేదు. గోడ బెజ్జంలో స్క్రూను పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు ఇటుక లోపల కూర్చోవాలి, అందుకు 60 మి.మీ. స్క్రూ అయినా కావాలి. బిగిస్తుంటే ప్లగ్గు గిరగిరా తిరిగితే బోలు ఇటుక అయి ఉండొచ్చు. అక్కడ ఇంకా బిగించి లాభం లేదు, కాంక్రీటు స్తంభమో దూలమో ఉన్నచోటికి జరగండి.

నిలువు పలకల అడుగు అంచులకు రెండు పూతలు వార్నిష్ వేసి రబ్బరు ముక్కల మీద నిలబెట్టండి. చెమ్మ ముందు ఎక్కేది అక్కడినుంచే.

సర్దడం కింది నుంచి పైకి. బరువైనవి అడుగున, రోజూ తీసేవి నడుము ఎత్తులో, పై అరలో తేలికవి మాత్రమే. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టెలు చాలు, మూడోది జారుతుంది. రేకుల షెడ్డు అయితే లిథియం బ్యాటరీలను పై అరలో ఉంచకండి, అక్కడే వేడి ఎక్కువ. వాటిని పెట్టెలో మూసి ఛార్జ్ చేయడమూ తప్పే. మర్నాడు ప్రతి అర మీద వంపు లేని స్కేలు ఆనించి చూడండి. మధ్యలో 3 మి.మీ. మించి కుంగితే బరువు దించి, ముందు అంచు కింద 40 మి.మీ. ప్లైవుడ్ పట్టీ నిలువుగా బిగించండి. రెండో షీటులో మిగిలిన మూడో పట్టీ దీనికి పనికొస్తుంది.