సీఎన్‌సీ షాపులో పని రానిచోట పని నేర్పడం ఎలా

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో సీఎన్‌సీ (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే) మెషీన్లున్న చిన్న షాపుల్లో రిజెక్షన్ (సైజు తప్పి పక్కనపెట్టే ముక్కలు) పెరిగిందంటే ముందు వచ్చే ఆలోచన ట్రైనింగ్ క్లాసు. శనివారం అందర్నీ గదిలో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, సంతకాలు తీసుకుంటారు. సోమవారం అదే జాబ్ (చేసే పార్టు) అదే కొలత దగ్గర మళ్లీ తప్పుతుంది. ఎవరికి, ఏ పనిలో, ఏ అడుగు దగ్గర చెయ్యి తడబడుతోందో ఆ క్లాసు పట్టించుకోలేదు. లోటు పూడాలంటే ఆ అడుగును పట్టుకుని, మెషీన్ దగ్గరే నేర్పి, నెల తర్వాత కూడా నిలిచిందో లేదో చూడాలి.

ముందు అది నేర్పితే తీరే లోటేనా?

తప్పు చేస్తున్న ఆపరేటర్‌కు సరైన గేజి, స్పష్టమైన డ్రాయింగ్, తగినంత టైమ్ ఇచ్చి మీ ఎదుట చేయించండి. సరిగ్గా చేస్తే అతనికి పని వచ్చు. తప్పు వేరేచోట ఉంది: అరిగిన చక్ జాస్ (ముక్కను పట్టి ఉంచే పళ్లు), ఆయిల్ మరకల్లో కనపడని డ్రాయింగ్, ముక్కల లెక్క మీద ఇచ్చే ఇన్సెంటివ్. వీటిని ఏ ట్రైనింగూ బాగుచేయదు.

25 మి.మీ. హెచ్7 బోరు (రంధ్రం) తీసుకోండి, హెచ్7 అంటే ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తు. పరిమితి 25.000 నుంచి 25.021 వరకు, అంటే మొత్తం 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే 0.001 మి.మీ.). షాపులో ఉన్న బోర్ గేజి లీస్ట్ కౌంట్ (చదవగలిగే అతి చిన్న కొలత) 0.01 మి.మీ. అయితే ఆ సందులో పడేవి రెండు గీతలే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా దానితో నమ్మకంగా ఓకే చెప్పలేరు. అక్కడ కావాల్సింది 0.001 డయల్, లేదా గో–నోగో ప్లగ్ గేజి (మంచి బోరులో ఒక చివర దూరి, రెండో చివర దూరనిది).

కొలతలో తేడా మనిషిదా, గేజిదా తేలాలంటే ఒక పరీక్ష ఉంది. ఒకే జాబ్‌వి 10 ముక్కలకు నంబర్లు వేయండి. ముగ్గురు ఆపరేటర్లు ఒక్కొక్కరు రెండుసార్లు, వరస మార్చి, మొదటిసారి రాసింది కనపడకుండా కొలవాలి. ఒకే మనిషి రెండు రీడింగులూ కలవకపోతే గేజి పట్టుకునే తీరులోనో, గేజిలోనో లోపం. ఎవరికి వారివి కలిసి, ఒకరితో ఒకరివి కలవకపోతే జీరో సెట్టింగ్‌లోనో, కొలిచే చోటులోనో తేడా ఉంది. కొలతలో వచ్చే ఈ ఊగిసలాట మొత్తం టాలరెన్స్‌లో (ఒప్పుకునే తేడాలో) 30 శాతం దాటితే, ముందు దాన్ని సరిచేయకుండా మెషీన్ మీద ఆఫ్‌సెట్లు (టూల్ ఎక్కడ కోయాలో సరిచేసే అంకెలు) మార్చడం వృథా.

వేడి సంగతి మాత్రం నిజంగా నేర్పాల్సిందే. స్టీలు మీటరుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 100 మి.మీ. డయా (వ్యాసం) ముక్క గేజి కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే 0.023 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. ఆపరేటర్ అది చూసి ఆఫ్‌సెట్ తగ్గిస్తాడు. ముక్కలు చల్లారాక అన్నీ అండర్‌సైజ్ (సైజు తక్కువ). అల్యూమినియంలో ఈ తేడా దాదాపు రెట్టింపు. మే నెలలో షెడ్డు ఎంత వేడెక్కినా స్టీలు ముక్కా, గేజిని సెట్ చేసే స్టీలు మాస్టరూ ఒకే వేడిమిలో ఉంటే పెద్ద చిక్కు లేదు. చక్‌లోంచి తీసిన ముక్కను తీసినట్టే కొలవడమే ప్రమాదం.

స్కిల్ చార్టులో ‘సీఎన్‌సీ వచ్చు’ అని రాయకండి

అది పని పేరు కాదు. చూసి తేల్చగలిగే పనులుగా విడగొట్టండి: సాఫ్ట్ జాస్ (ముక్క సైజుకు కోసుకునే మెత్తటి జాస్) బోర్ చేయడం, వర్క్ ఆఫ్‌సెట్ (ముక్క ఎక్కడుందో చెప్పే అంకె) తీయడం, టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొన ఎక్కడుందో చెప్పే అంకె) తీయడం, ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే, మార్చుకోగల కోత ముక్క) మార్చి సైజు తిరిగి తేవడం, మొదటి ముక్క పూర్తిగా కొలిచి రిపోర్టు రాయడం, థ్రెడ్ గేజి వాడడం, కరెంటు పోయి వచ్చాక మెషీన్‌ను సురక్షితంగా మొదలుపెట్టడం. ఒక టర్నింగ్ సెల్‌కు (ముక్కను తిప్పుతూ కోసే మెషీన్ల జట్టుకు) ఇలాంటివి 12 నుంచి 15 చాలు.

ఒక్కో మనిషికి ఒక్కో పని ఎదురుగా 0 నుంచి 4 వరకు వేయండి. 0 అంటే రాదు. 1 అంటే పక్కన ఒకరుంటే చేస్తాడు. 2 అంటే ఒక్కడే చేస్తాడు, కానీ ఎవరైనా చూడాలి. 3 అంటే టైమ్‌లో, సైజులో, ఎవరూ చూడకుండా చేస్తాడు. 4 అంటే ఇంకొకరికి నేర్పగలడు. అంకె వేయాల్సింది పని చేస్తుండగా చూసి. ‘నీకు ఇది వచ్చా?’ అని అడిగి వేస్తే, భయపడేవాళ్లు తక్కువ చెబుతారు, బెరుకు లేనివాళ్లు ఎక్కువ చెబుతారు.

తర్వాత ప్రతి షిఫ్టులో ఆ పనికి 3 లేదా 4 ఉన్నవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. ఒక్కరే ఉన్న గడి అన్నిటికంటే ప్రమాదం, ఆ మనిషి పండక్కి ఊరెళితే మెషీన్ ఆగుతుంది. నేర్పడం అక్కడినుంచే మొదలుపెట్టండి. ఈ చార్టు చూసి బోనస్ కోయకండి. ఒక్కసారి కోస్తే ఆ తర్వాత అందులో ఒక్క నిజం అంకె కూడా ఉండదు.

బ్రేక్‌డౌన్ షీటు: అడుగు, కీలకం, కారణం

నేర్పే ముందు పనిని ఒక పేజీలో మూడు నిలువు గళ్లుగా రాయాలి. ఏం చేయాలి (అడుగు), ఎక్కడ జాగ్రత్త పడాలి (కీలకం), ఎందుకు (కారణం). మూడో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. కారణం తెలియని జాగ్రత్తనే ఆపరేటర్ తొందరలో మొదట వదిలేస్తాడు. ఇన్సర్ట్ మార్చడాన్నే చూడండి.

టరెట్ (టూల్స్ బిగించి ఉండే తల) సేఫ్ పొజిషన్‌కు తెచ్చి, స్పిండిల్ (ముక్కను తిప్పే భాగం) పూర్తిగా ఆగాక డోర్ తీయాలి. పాత ఇన్సర్ట్ తీసి, పాకెట్‌ను బ్రష్‌తో తుడవాలి. కింద ఒక్క చిప్ ముక్క ఉన్నా ఇన్సర్ట్ లేచి కూర్చుంటుంది, కట్టింగ్‌లో కదిలి పగులుతుంది. షిమ్ (ఇన్సర్ట్ కింద ఉండే పలక) పగిలిందేమో చూడాలి. కొత్త ఇన్సర్ట్‌ను రెండు గోడలకూ ఆనించి పట్టుకుని, టూల్‌తో వచ్చిన కీతోనే బిగించాలి. కీకి పైపు తొడిగి బిగిస్తే స్క్రూ సాగుతుంది.

పెట్టె మీద నంబరు చదవడం కూడా ఇక్కడే నేర్పండి. సీఎన్ఎంజీ 120408లో చివరి 08 అంటే ముక్కు రేడియస్ 0.8 మి.మీ. తెలియక 120404 పెడితే రేడియస్ 0.4 అవుతుంది. అదే 0.2 ఫీడుకు (ఒక చుట్టుకు టూల్ కదిలే మి.మీ.) లెక్క ప్రకారం గీత లోతు సుమారు 6 మైక్రాన్ల నుంచి 12కు పెరుగుతుంది. ఫినిష్ పాడైందని ఆపరేటర్ స్పీడు మారుస్తూ గంట పోగొడతాడు. ఈ ఇన్సర్ట్‌కు పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు అంచులు వాడుకోవచ్చు. వాడిన అంచు మీద మార్కర్‌తో గుర్తు పెట్టించండి.

అసలు స్క్రాప్ వచ్చేది తర్వాతి అడుగులో. ఇన్సర్ట్ అరిగేకొద్దీ బయటి డయా పెరుగుతుంది కాబట్టి ఆపరేటర్ వేర్ ఆఫ్‌సెట్‌లో (అరుగుదలను సరిచేసే అంకెలో) కొంచెం కొంచెం మైనస్ ఇస్తూ వస్తాడు. మార్చే సమయానికి అది మైనస్ 0.08 దాకా చేరి ఉంటుంది. కొత్త అంచు పెట్టి అదే ఆఫ్‌సెట్‌తో తోలితే మొదటి ముక్కే అండర్‌సైజ్. అందుకే ఇన్సర్ట్ మార్చగానే ఎక్స్ (డయా దిశ) వేర్ ఆఫ్‌సెట్‌కు 0.2 కలిపి, ఫినిషింగ్ పాస్ (చివరి పలుచని కోత) తీసి, ముక్క చల్లారాక కొలిచి, ఎంత ఎక్కువుందో అంతే తగ్గించి మళ్లీ అదే పాస్ తోలాలి. బోరుకు ఇది తిరగబడుతుంది, అక్కడ ముందు 0.2 తగ్గించాలి. ఫానుక్ కంపెనీ కంట్రోల్లో ‘ఇన్‌పుట్’ నొక్కితే పాత విలువ పోయి కొత్తది కూర్చుంటుంది, ‘ప్లస్ ఇన్‌పుట్’ నొక్కితే పాతదానికి కలుస్తుంది. రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి. ఏది నొక్కాలో షీటు మీద ఫోటో పెట్టండి.

ఒక షీటులో అడుగులు ఏడు దాటితే పనిని రెండుగా కోయండి. షాపులో ఒడిశా, బిహార్ వాళ్లుంటే కారణాల గడి హిందీలో కూడా రాయించండి. స్క్రీన్ మీద కనిపించే మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

నేర్పే తీరు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1940 నుంచి 1945 దాకా, అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పడానికి నాలుగంచెల పద్ధతి వాడారు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు వెళ్లింది, టయోటా దాన్ని తన పనితీరులో భాగం చేసుకుంది. చిన్న షాపుకు ఇంతకంటే అక్కరకొచ్చే పద్ధతి లేదు: సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, వెంట ఉండి చూడడం.

చూపించడం మూడుసార్లు ఉండాలి. మొదటిసారి అడుగులు మాత్రమే చెబుతూ, రెండోసారి జాగ్రత్తలు కలిపి, మూడోసారి కారణాలతో. మూడూ ఒకేసారి చెబితే బుర్రకెక్కవు. తర్వాత నేర్చుకునే మనిషి చేస్తాడు. మొదట మౌనంగా చేసినా పర్లేదు, తప్పు చేయబోతే వెంటనే ఆపండి. తర్వాత అడుగులు, జాగ్రత్తలు, కారణాలు తన నోటితో చెబుతూ చేయాలి. ‘అర్థమైందా?’ అని అడగొద్దు. ‘అర్థమైంది సార్’ తప్ప వేరే జవాబు రాదు. ‘బోరు టూల్ అయితే ప్లస్ ఇస్తావా, మైనస్ ఇస్తావా, ఎందుకు?’ అని అడగండి.

ఒక్కో సెషన్ 20 నిమిషాలు, షిఫ్ట్ మొదట్లో. 12 గంటల షిఫ్ట్ చివర నేర్పింది ఎవరికీ ఎక్కదు. ప్రాక్టీసుకు రిజెక్ట్ అయిన ముక్కలు దాచిపెట్టండి. డిస్పాచ్‌కు పోవాల్సిన ఆర్డర్ మీద ఎవరికీ మొదటిసారి చేయించకండి.

నేర్పే మనిషి షాపులో అందరికంటే వేగంగా చేసేవాడే కానక్కర్లేదు. చెయ్యి ఆటోమేటిక్‌గా తిరిగే సీనియర్లు చాలాసార్లు కీలకమైన అడుగునే చెప్పడం మరిచిపోతారు. ఎవరిని పెట్టినా ఆ రోజు అతని టార్గెట్ తగ్గించి బోర్డు మీద రాయండి. టార్గెట్ అలాగే ఉంచి ‘కాస్త చూసి నేర్పు’ అంటే అతను నేర్పడు, తనే చేసేస్తాడు.

మరిచిపోకుండా

మతిమరుపు మొదటి రోజుల్లోనే వేగంగా వస్తుందని 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాల్లో చూపించాడు. కాబట్టి నేర్పిన పనిని రెండు రోజుల్లోపు అసలు జాబ్ మీద చేసే అవకాశం లేకపోతే, ఆ సెషన్‌ను వాయిదా వేయండి. నేర్పాక మర్నాడు, వారానికి, నెలకు షీటు లేకుండా చేయించండి. మొదటి రోజు ప్రతి ముక్కా సెట్టర్ (మెషీన్‌ను జాబ్‌కు సిద్ధం చేసే మనిషి) చూడాలి, మొదటి వారం షిఫ్టుకు రెండుసార్లు చూస్తే చాలు. నెలనాటి పరీక్ష పాసైతేనే చార్టులో 3 వేయండి.

ఫలితం తేలేది ఇలా

ఎలా ఉందని ఫీడ్‌బ్యాక్ ఫారంలో అడిగితే బాగుందనే రాస్తారు. మొదలుపెట్టే ముందు నాలుగు వారాలు మూడే లెక్కలు రాసి ఉంచండి: ఆ ఆపరేషన్‌లో రిజెక్టులు, పాత జాబ్ చివరి మంచి ముక్క నుంచి కొత్త జాబ్ మొదటి మంచి ముక్క దాకా పట్టిన టైమ్, షిఫ్టులో సెట్టర్‌ను పిలిచిన సార్లు. తర్వాత నాలుగు వారాలు అదే జాబ్, అదే మెషీన్ మీద పోల్చండి. సులువైన జాబ్ వచ్చిన నెలతో పోల్చుకుని సంతోషపడితే లెక్క తప్పుతుంది. మూడోదే ముందు కదులుతుంది. రెండు వారాల్లో పిలుపులు తగ్గకపోతే షీటులో ఒక కీలకం తప్పిపోయి ఉంటుంది, ఆపరేటర్‌ను కాదు, షీటును తిరగరాయండి.

బయటి కోర్సులు అక్కర్లేదని కాదు. ప్రోగ్రామింగ్, టూల్ డిజైన్ లాంటివి షాపులో ఎవరికీ రానప్పుడు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ లాంటిచోటికి పంపండి. వెళ్లేముందు మీ డ్రాయింగ్ ఒకటి చేతికిచ్చి, వచ్చిన వారంలో దాని ప్రోగ్రాం రాసి, మెషీన్ మీద నడిపి ప్రూవ్ చేయాలని చెప్పండి. ఇక 30 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థ 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 40 మంది ఉంటే కనీసం ఒకరు, గరిష్ఠంగా ఆరుగురు. ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడిని చిప్స్ ఎత్తే పనికి పెట్టి ఏడాది గడిపేయకుండా, మొదటి వారమే అతని పేరు కూడా చార్టులో వేసి అన్ని గళ్లలో సున్నాతో మొదలుపెట్టండి. మూడు నెలలకు ఏ రెండు పనుల్లో 3 రావాలో అతనికీ, నేర్పే సెట్టర్‌కూ అదే రోజు చెప్పండి.