దొంగ మెయిల్ ఇన్‌బాక్సులో, అసలు మెయిల్ స్పామ్‌లో పడుతుంటే

సొంత మెయిల్ సర్వర్‌లో స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్ నడిపేవారి కోసం ఇది. ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్ ఐపీ ఆ డొమైన్ ప్రకటించిన జాబితాలో ఉందా), డీకిమ్ (మెయిల్ మీది డొమైన్ సంతకం చెల్లుతుందా), డీమార్క్ (వాటిలో నెగ్గిన డొమైన్, ఫ్రమ్ వరుసలోని డొమైన్ సరిపోతున్నాయా) పరీక్షలు పెట్టాక కూడా ఫిల్టర్ తడబడుతుంటే వెంటనే అది మెయిల్‌కు వేసే స్కోర్ల జోలికి వెళ్లకండి. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు.

సమస్య: వచ్చే ప్రతి మెయిలూ ఎస్‌పీఎఫ్‌లో ఫెయిల్ అవుతోంది.

కారణం: ఏదైనా మెయిల్ పూర్తి హెడర్లు తెరిచి 'రిసీవ్డ్' వరుసలు చూడండి. అన్నిటికన్నా పైనున్నది మీ సర్వర్ రాసుకున్నది. అందులో 'ఫ్రమ్' పక్కన మీ గేట్‌వే (బయటి మెయిల్‌ను ముందుగా అందుకునే మీ యంత్రం) ఐపీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫిల్టర్ బయటి సర్వర్‌ను వదిలేసి మీ ఇంటి యంత్రాన్నే తనిఖీ చేస్తోంది.

పరిష్కారం: ఆ ఐపీని స్పామ్‌అసాసిన్ సెట్టింగుల్లోని ట్రస్టెడ్ నెట్‌వర్క్స్, ఇంటర్నల్ నెట్‌వర్క్స్ రెండింటిలోనూ చేర్చండి. బ్యాకప్ సర్వర్ ఉంటే దాన్నీ మరవద్దు.

సమస్య: బ్యాంకు పేరుతో వచ్చిన నకిలీ మెయిల్ నేరుగా లోపలికి వచ్చింది.

కారణం: బ్యాంకు చిరునామాను ఎవరో 'వైట్‌లిస్ట్ ఫ్రమ్'లో, అంటే ఫ్రమ్ చిరునామా చూసి మినహాయింపు ఇచ్చే జాబితాలో, పెట్టారు. ఫ్రమ్ వరుసలో ఎవరి పేరైనా ఎవరైనా రాసుకోవచ్చు.

పరిష్కారం: దాన్ని తీసేసి 'వెల్‌కమ్‌లిస్ట్ ఆథ్' వాడండి. 4.0 కన్నా పాత వెర్షన్లలో దీని పేరు 'వైట్‌లిస్ట్ ఆథ్'. చిరునామా సరిపోవడంతో పాటు ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ నెగ్గితేనే ఇది మినహాయింపు ఇస్తుంది.

సమస్య: ఫార్వర్డ్ అయి వచ్చే మంచి మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయి.

కారణం: ఫార్వర్డ్ చేసిన సర్వర్ ఐపీ అసలు డొమైన్ ఎస్‌పీఎఫ్ జాబితాలో ఉండదు. డీకిమ్ సంతకం మాత్రం మెయిల్‌తోనే ప్రయాణిస్తుంది. దారిలో ఎవరైనా చివర ఒక ఫుటర్ తగిలిస్తే అదీ చెల్లదు.

పరిష్కారం: ఎస్‌పీఎఫ్ ఒక్కటి ఫెయిలైందని మెయిల్‌ను తిప్పికొట్టకండి. రెండింటిలో ఒక్కటి నెగ్గి, ఆ డొమైన్ ఫ్రమ్ డొమైన్‌తో సరిపోతే డీమార్క్‌కు చాలు.

ఎస్‌పీఎఫ్ ఫలితం 'పెర్మ్‌ఎర్రర్' అని వస్తే లోపం పంపేవారి రికార్డులోనే ఉంది. రెండు రికార్డులు పెట్టడమో, 10 డీఎన్ఎస్ లుకప్‌ల (డొమైన్ వివరాల వెతుకులాటల) పరిమితి దాటడమో సాధారణ కారణాలు. వారికి చెప్పడం తప్ప మీరు చేయగలిగింది లేదు.

సమస్య: అన్ని పరీక్షలూ నెగ్గిన మెయిల్, అయినా పచ్చి స్పామ్.

కారణం: రోజుకు 5000కు పైగా మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటినీ తప్పనిసరి చేసింది. ఆ నిబంధన స్పామర్లూ చదువుకున్నారు! డొమైన్ కొని రికార్డులు పెట్టుకోవడం వారికి పెద్ద పని కాదు. ఈ పరీక్షలు పంపింది ఎవరో చెబుతాయి, వారి బుద్ధి ఎలాంటిదో చెప్పవు. స్పామ్‌అసాసిన్ కూడా ఎస్‌పీఎఫ్ నెగ్గినందుకు స్పామ్ స్కోరులో తగ్గించేది 0.001 మాత్రమే.

పరిష్కారం: పాసైనందుకు ఎక్కువ మార్కులు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. రుజువైన ఆ డొమైన్ పేరును బ్లాక్‌లిస్టులతో సరిచూడండి. మీకు ఎన్నడూ రాయని డొమైన్ అయితే గ్రేలిస్టింగ్‌లో (తర్వాత మళ్లీ పంపమని తాత్కాలికంగా తిప్పడం) కాసేపు ఆపండి.