ఓల్డ్ గాడ్స్ ఆఫ్ ఆస్గార్డ్ పాటలు ఎలా వినాలి? ఏ ఆటతో మొదలుపెట్టాలి?

‘హెరాల్డ్ ఆఫ్ డార్క్‌నెస్’ వీడియో ఎక్కడో చూసి, పాట బుర్రలోంచి పోక, ఈ బ్యాండ్ ఎవరిది, మిగతా ఆల్బమ్‌లు ఎక్కడ దొరుకుతాయి అని వెతికేవాళ్లు చాలామందే ఉన్నారు. ముందుగా తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఓల్డ్ గాడ్స్ ఆఫ్ ఆస్గార్డ్ అనే బ్యాండ్ నిజానికి లేదు. ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఉన్న రెమెడీ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ తన వీడియో గేమ్‌ల కోసం పుట్టించిన బ్యాండ్ ఇది. ఓడిన్ ఆండర్సన్, టోర్ ఆండర్సన్ అని ఇద్దరు అన్నదమ్ములు, ఒకప్పుడు హెవీ మెటల్‌తో వేదికలు దద్దరిల్లించి, ఇప్పుడు ముసలితనంలో మతి కాస్త అటూఇటూ అవుతూ, తాము నిజంగానే ఆ పాత నార్స్ (ఉత్తర ఐరోపా పురాణాల) దేవుళ్లమేమో అన్నట్టు మాట్లాడుతుంటారు. ఓడిన్ కంటికి గంత, టోర్ చేతిలో సుత్తి. వీళ్ల తరఫున పాడేది, వాయించేది మాత్రం హెల్సింకీకి చెందిన పోయెట్స్ ఆఫ్ ది ఫాల్ అనే నిజమైన బ్యాండ్.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఈ పాటల్ని ముందే ప్లేలిస్ట్‌లో పెట్టుకుని వినేయకండి. ఇవి ఆట వెనకాల మోగడానికి రాసినవి కావు. ఒక పాట దారి చూపిస్తుంది, ఒక పాట తలుపు తెరుస్తుంది, ఒక పాటయితే ఏకంగా హీరో బతుకంతా హీరో ఎదుటే చెప్పేస్తుంది. మీ చేతిలో కంట్రోలర్ ఉండి, ఎదురుగా శత్రువులు మీదపడుతుండగా ఆ పాట మొదలైతే ఒళ్లు జలదరిస్తుంది. ముందే వినేసి ఉంటే అందులో సగం పోతుంది. అందుకే ఏ వరసలో, ఎలా వినాలో రాస్తున్నాను. కథలో కొన్ని మలుపులు చెప్పక తప్పదు, చివర ఏమవుతుందో మాత్రం చెప్పను.

మొదలుపెట్టే ముందు

మంచి హెడ్‌ఫోన్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి, ఖరీదైనవే అక్కర్లేదు, కానీ ల్యాప్‌టాప్ స్పీకర్లలో బేస్ గిటార్ అసలు వినపడదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, ఎందుకంటే ఈ పాటల్లో మాటలే అసలు సరుకు, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు కూడా డిస్టార్షన్ గిటార్ల మధ్య ఆ మాటలు పట్టుకోవడం కష్టం. మ్యూజిక్ వాల్యూమ్ వేరే స్లయిడర్‌గా ఉన్న చోట దాన్ని కొంచెం పెంచి, తుపాకీ చప్పుళ్లను కొంచెం తగ్గించండి. అంతే.

మొదటి అడుగు: ఆలన్ వేక్

2010లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చిన ఆట ఇది, 2012లో పీసీకి వచ్చింది. 2021లో వచ్చిన రీమాస్టర్డ్ తీసుకుంటే సరిపోతుంది, కథ అదే, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ఆలన్ వేక్ పేరున్న థ్రిల్లర్ రచయిత, రాయలేక ఇబ్బంది పడుతున్నాడు, భార్య ఆలిస్‌తో కలిసి బ్రైట్ ఫాల్స్ అనే చిన్న ఊరికి వస్తాడు. అక్కడ ఆమె మాయమవుతుంది, తను రాసినట్టు కూడా గుర్తులేని నవల పేజీలు దారిలో దొరుకుతుంటాయి, అందులో రాసిందల్లా జరుగుతుంటుంది.

అన్నదమ్ములు మొదటి ఎపిసోడ్‌లోనే కనిపిస్తారు, ఓ డీర్ డైనర్ అనే చిన్న హోటల్లో. జ్యూక్‌బాక్స్‌లో పాట పెట్టమని అడుగుతారు. పెట్టండి. చాలామంది కథ ముందుకు నడపాలన్న తొందరలో వాళ్లను దాటి వెళ్లిపోతారు, ఎవరో పిచ్చి ముసలాళ్లు అనుకుని. కానీ ఈ ఊరి చీకటి రహస్యం తెలిసిన కొద్దిమందిలో ఆ ఇద్దరూ ఉన్నారు, మతి చెదరడం వల్ల వాళ్ల మాట ఎవరూ పట్టించుకోరు, అంతే.

అసలు పాటలు నాలుగో ఎపిసోడ్‌లో వస్తాయి. ఆండర్సన్ల ఫార్మ్‌కి వెళ్లాల్సి వస్తుంది, అక్కడ చేల మధ్య వాళ్ల పాత కచేరీ వేదిక ఉంటుంది, లైట్లు, స్పీకర్లు, బాణసంచాతో సహా. ఈ ఆటలో శత్రువుల మీద ముందు వెలుతురు వేసి చీకటి పొర కాల్చాలి, ఆ తర్వాతే తుపాకీ గుండు పనిచేస్తుంది. ఆ వేదిక మీద నిలబడ్డాక ‘చిల్డ్రన్ ఆఫ్ ది ఎల్డర్ గాడ్’ అందుకుంటుంది, నాలుగు వైపుల నుంచీ శత్రువులు ఎగబడతారు, వేదిక లైట్లూ నిప్పురవ్వలూ మీ తరఫున పోరాడతాయి. ఇక్కడికి చేరేముందు బ్యాటరీలు, ఫ్లేర్లు ఖర్చుపెట్టకుండా దాచుకోండి, లేకపోతే పాట సగంలో చచ్చి మళ్లీ మొదటికి రావాలి, ఆ ఊపు పోతుంది.

పోరాటం అయ్యాక ఇంట్లోకి వెళితే అక్కడ ఒక రికార్డు ఉంటుంది: ‘ది పోయెట్ అండ్ ది మ్యూజ్’. నెమ్మదిగా సాగే పాట. కంట్రోలర్ పక్కన పెట్టి మాటలు వినండి. ఒక కవి, అతని ప్రియురాలు, ఒక సరస్సు, వెలుతురును కాపలా కాసే ఒకావిడ గురించి పాడతారు. పాటలో చెప్పిన ఆ వెలుతురు మనిషి ఊళ్లోనే ఉంది, మీరు ఆమెను అప్పటికే చూశారు, దీపాలు వెలుగుతున్నాయా లేదా అని ఎప్పుడూ ఆరాటపడే ముసలావిడ. ఆమెను వెతుక్కుంటూ వెళ్లడమే తర్వాత మీ పని. ఒక రాక్ పాటలోని మాటల్ని బట్టి హీరో దారి ఎంచుకోవడం నేను మొదట ఇక్కడే చూశాను, ఇప్పటికీ ఈ బ్యాండ్ పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే.

మధ్యలో ఒక చిన్న మజిలీ

2012లో వచ్చిన ‘ఆలన్ వేక్స్ అమెరికన్ నైట్‌మేర్’ చిన్న ఆట. తిరిగిన చోట్లే మళ్లీ తిరగాలి కాబట్టి విసుగు రావొచ్చు, టైమ్ లేకపోతే వదిలేయండి. కానీ అందులోని ‘బ్యాలెన్స్ స్లేస్ ది డీమన్’ పాటను మాత్రం వదలొద్దు. ఈ ఒక్కదాన్ని ఆట బయట విన్నా నష్టం లేదు.

ఈ పాటలో ఒకచోట అర్థంకాని గొణుగుడు వినిపిస్తుంది. ఆ పాట ఫైలు మీ దగ్గరుంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆ ముక్కను సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో రివర్స్ నొక్కండి. వెనక్కి తిప్పి వింటే మాటలు తేటగా తెలుస్తాయి: ఇదంతా మళ్లీ జరుగుతుంది, ఇంకో ఊళ్లో, ఆర్డినరీ అనే ఊళ్లో అని దాని సారాంశం. ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. ఏడేళ్ల తర్వాత, 2019లో వచ్చిన ‘కంట్రోల్’ ఆట హీరోయిన్ సొంతూరు అదే. అంత ముందుగా, అదీ లేని బ్యాండ్ పాడిన పాటలో, తలకిందులుగా దాచిపెట్టారు. ఈ ఓపిక చూసే నేను ఈ కంపెనీ ఆటల్లో ప్రతి రేడియో దగ్గరా, ప్రతి టేప్ దగ్గరా ఆగి వింటాను.

రెండో అడుగు: కంట్రోల్

జెస్సీ ఫేడన్ అనే అమ్మాయి తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ, గదులు తమంతట తామే జరిగిపోయే ఓ ప్రభుత్వ భవనంలోకి వస్తుంది. దాన్ని ఓల్డెస్ట్ హౌస్ అంటారు. ఆట చివరికి దగ్గరపడ్డాక యాష్‌ట్రే మేజ్ అనే చిక్కుదారి వస్తుంది. మామూలుగా అందులోకి ఎవరు వెళ్లినా తిరిగి బయల్దేరిన చోటికే చేరతారు. దాటాలంటే ఆహ్తి అనే ఫిన్లాండ్ జానిటర్ (ఊడ్చి తుడిచే పనివాడు) దగ్గరి క్యాసెట్ ప్లేయర్ కావాలి. అందులో ఉన్నది ఓల్డ్ గాడ్స్ పాట, ‘టేక్ కంట్రోల్’.

ఇక్కడ మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ ప్లేయర్ చేతికొచ్చాక వెంటనే మేజ్‌లోకి దూకకండి. దగ్గర్లోని కంట్రోల్ పాయింట్‌కి వెళ్లి ఆయుధాలు సర్దుకోండి, ఎవరూ పిలవని ఒక అరగంట చూసుకోండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పోరాటాలు మీకు కష్టంగా ఉంటే మొహమాటం లేకుండా అసిస్ట్ మోడ్ ఆన్ చేయండి, దెబ్బలు తక్కువ తగిలేలా, అసలు చావకుండా కూడా పెట్టుకోవచ్చు. లోపలికి వెళ్లాక పాట మొదలవుతుంది, గిటార్ ఊపందుకునే కొద్దీ గోడలు మడతలు పడతాయి, విచ్చుకుంటాయి, కారిడార్ మీ కాళ్ల కిందే తిరిగిపోతుంది. ఆగకుండా పరిగెత్తండి, మ్యాప్ తెరవకండి, దారి కోసం వెతకకండి, దారి దానంతట అదే మీ ముందు పరుచుకుంటుంది. అవతలికి చేరాక జెస్సీ కూడా అద్భుతం అంటుంది, ఆ మాట అప్పటికే మీ నోటినుంచి వచ్చేసి ఉంటుంది.

మూడో అడుగు: ఆలన్ వేక్ 2

2023 అక్టోబర్ 27న వచ్చింది. పీసీలో ఎపిక్ గేమ్స్ స్టోర్‌లో దొరుకుతుంది, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలోనూ ఉంది. పీసీ వాళ్లు ముందే చూసుకోండి, ఎస్‌ఎస్‌డీలో 90 జీబీ ఖాళీ అడుగుతుంది, 2023లో విడుదలైనప్పుడైతే కనీసం ఆర్‌టీఎక్స్ 2060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు అడిగింది. డిఫికల్టీ స్టోరీ మోడ్‌లో పెట్టుకున్నా పాటల విషయంలో ఏమీ కోల్పోరు.

ఇందులో ఇద్దరు కథానాయకులు. చీకటి లోకంలో పదమూడేళ్లుగా ఇరుక్కున్న ఆలన్ ఒకరు, ఎఫ్‌బీఐ ఏజెంట్ సాగా ఆండర్సన్ ఇంకొకరు. ఇంటిపేరు చూశారుగా, ఆ ముసలాళ్లతో ఆమెకున్న బంధుత్వం ఏంటో ఆటలోనే తెలుసుకోండి. ఒక దశ దాటాక, జానిటర్ బకెట్ కనిపించే చోట్ల ఒకరి కథ నుంచి ఇంకొకరి కథలోకి మారొచ్చు. ఒకరిదే ఏకబిగిన ఆడేయకుండా ఇద్దరివీ కలిపి ఆడండి.

ఆలన్ వైపు నాలుగో అధ్యాయం పేరు ‘వీ సింగ్’. ఓ టీవీ షో స్టూడియో, హోస్ట్ పేరు మిస్టర్ డోర్, అతిథి మీరే. పెద్ద పెద్ద తెరల మీద అసలైన మనుషులతో తీసిన వీడియో నడుస్తుంటుంది, ఓల్డ్ గాడ్స్ వయసులో ఉన్న రూపంలో వాయిస్తుంటారు, ఆ కనిపించేది పోయెట్స్ ఆఫ్ ది ఫాల్ వాళ్లే. ఆలన్ ఆ తెరల మధ్య నడుస్తుంటే పాట అతని చిన్నతనం, రాసిన పుస్తకాలు, భార్య, చేసిన పొరపాట్లు అన్నీ వరసగా చెప్పుకుంటూ పోతుంది. బుర్రకథ చూసినవాళ్లకు ఇది ఇట్టే అందుతుంది: కథకుడు వీరుడి కథ ఎత్తుకుంటాడు, పక్కన వంతలు ఊపు ఇస్తారు, తేడా అల్లా ఇక్కడ ఆ వీరుడు తన కథ తానే వింటూ వేదిక మీద బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. ‘హెరాల్డ్ ఆఫ్ డార్క్‌నెస్’ అంటే ఇదే. పది నిమిషాలకు పైగా సాగుతుంది. మధ్యలో శత్రువులు వస్తారు, టార్చ్ బ్యాటరీలు నింపుకునే వెళ్లండి. తెర ఉన్న ప్రతి చోటా ఒక్క క్షణం నిలబడి చూడండి, డాన్స్ చేస్తున్నవాళ్లలో ఈ ఆట రచయిత శామ్ లేక్ కూడా ఉంటాడు.

సాగా వైపు ఐదో అధ్యాయం పేరే ‘ఓల్డ్ గాడ్స్’, వల్హల్లా వృద్ధాశ్రమంలో జరుగుతుంది. పాట కోసం పరిగెత్తకుండా గదులన్నీ తిరగండి, పోస్టర్లు చూడండి, అక్కడివాళ్లతో మాట్లాడండి. ఆ ముసలాళ్ల మీద అప్పటిదాకా మీకున్న అభిప్రాయం ఇక్కడ మారుతుంది. ఏడో అధ్యాయం ‘సమనింగ్’లో సరస్సు ఒడ్డున వాళ్లు మళ్లీ గిటార్లు పడతారు, ‘డార్క్ ఓషన్ సమనింగ్’ వాయిస్తారు. ఎందుకు వాయిస్తారో చెప్పను. మొదటి ఆటలో డైనర్‌లో కూర్చుని జ్యూక్‌బాక్స్‌లో పాట పెట్టమని అడిగినవాళ్లేనా వీళ్లు అనిపిస్తుంది, అందుకే మొదటి ఆట నుంచి రమ్మంటున్నాను.

నాలుగో అడుగు: ఆటల బయట

ఇప్పుడు ప్లేలిస్ట్ పెట్టుకోండి. ఈ పాటలన్నీ కలిపి 2023లో ‘రీబర్త్’ పేరుతో గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ వచ్చింది, మ్యూజిక్ యాప్‌లలో బ్యాండ్ పేరు ఓల్డ్ గాడ్స్ ఆఫ్ ఆస్గార్డ్ అనే ఉంటుంది. ఆ తర్వాత 2023 డిసెంబర్ 7న గేమ్ అవార్డ్స్ వేదిక మీద ‘హెరాల్డ్ ఆఫ్ డార్క్‌నెస్’ను నటీనటులతో సహా లైవ్‌లో చేసిన వీడియో చూడండి. ఆ రాత్రి ఆలన్ వేక్ 2కి కథనం, దర్శకత్వం, ఆర్ట్ విభాగాల్లో అవార్డులు కూడా వచ్చాయి.

ఇంకా కావాలంటే వెనక్కి వెళ్లండి, పోయెట్స్ ఆఫ్ ది ఫాల్ సొంత పాటలకి. మార్కో సారెస్టో గొంతు, ఒల్లి టుకియైనెన్ గిటార్ మీకిప్పటికే పరిచయం. మన దేశంలో వీళ్లు చాలాసార్లు కచేరీలు చేశారు, ఇక్కడ అభిమానులకు కొదవ లేదు, కాలేజీ రోజుల్లో ‘కార్నివాల్ ఆఫ్ రస్ట్’ విన్నవాళ్లు మీ స్నేహితుల్లోనే ఉండి ఉంటారు. వాళ్లను పేరుకు తెచ్చిన మొదటి పాట ‘లేట్ గుడ్‌బై’ కూడా రెమెడీ ఆట కోసం చేసిందే, 2003 నాటి మ్యాక్స్ పేన్ 2కి, శామ్ లేక్ రాసిన ఓ కవిత ఆధారంగా. ఆ ఆటలో కూడా పాత్రలు అక్కడక్కడా ఆ పాట పాడుకుంటూ, పియానో మీద వాయించుకుంటూ కనిపిస్తాయి. పాత ఆటే అయినా మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది కాబట్టి, ఆలన్ వేక్ 2 ఆడే కంప్యూటర్ ఇంకా మీ దగ్గర లేకపోతే ఈలోగా దాన్ని ఆడుకోవచ్చు.